ఉత్తరాంధ్ర తీరంలో క్యాంపర్ వ్యాన్ గ్యాస్ ఫ్రిజ్: తక్కువ గ్యాస్‌తో ఎక్కువ చల్లదనం రాబట్టడానికి సమగ్ర మార్గదర్శి

క్యాంపర్ వ్యాన్‌లో గ్యాస్ ఫ్రిజ్ పెట్టుకుని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తిరిగేవారికి ఎదురయ్యే ఇబ్బంది దాదాపు ఒకే తీరున ఉంటుంది. డిసెంబరులో తేలినీలాపురం పక్షులను చూడడానికి వెళ్లినప్పుడు చక్కగా పనిచేసిన ఫ్రిజ్, మే నెలలో కళింగపట్నం తీరాన నిలిపేసరికి బండలో గ్యాస్ అంతా లాగేస్తుంది గానీ పాలు మాత్రం విరిగిపోతాయి. చాలామంది వెంటనే బర్నర్‌ను అనుమానించి, మంట పెంచి చూస్తారు. నిజానికి తప్పు చాలాసార్లు ఫ్రిజ్ వెనకాల ఉంటుంది. ఈ రకం ఫ్రిజ్‌లో గ్యాస్ పొదుపు చేయడమంటే మంటను తగ్గించడం కాదు. వెనక పోగయ్యే వేడిని త్వరగా బయటకు పంపడం, లోపలికి కొత్త వేడి రాకుండా చూడడం. కింద చెప్పిన పనులన్నీ ఈ రెండింటి కోసమే.

మీ ఫ్రిజ్ ఏ రకమో ముందు తేల్చుకోండి

ఫ్రిజ్ వెనక ఉన్న చీటీ మీద ఆర్-290 అని ఉంటే అది ప్రొపేన్‌ను మండించే ఫ్రిజ్ కాదు. అందులో ప్రొపేన్ శీతలకారిగా కంప్రెసర్ గొట్టాల్లో తిరుగుతుంది, నడిచేది కరెంటు మీద. హోటల్ గదుల్లో కనిపించే చప్పుడు లేని చిన్న ఫ్రిజ్‌లు శోషణ పద్ధతివే (కంప్రెసర్ బదులు వేడితో చల్లబరిచేవే) అయినా, వాటిలో చాలావరకు కరెంటు మీద మాత్రమే నడుస్తాయి. ఇక్కడ మాట్లాడుతున్నది గ్యాస్, 230 వోల్టుల కరెంటు, 12 వోల్టుల బ్యాటరీ అనే మూడు దారుల్లోనూ నడిచే శోషణ ఫ్రిజ్ గురించి. ఇది మన దగ్గర ఎక్కువగా దిగుమతి సరుకే. అమెరికా నుంచి వచ్చినదైతే 120 వోల్టులది కావచ్చు కాబట్టి, చీటీ చదవకుండా ఇంటి ప్లగ్గులో పెట్టకూడదు.

ఈ పద్ధతిని 1922లో స్టాక్‌హోంలో బాల్ట్సర్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటెర్స్ అనే ఇద్దరు విద్యార్థులు రూపొందించారు. 1925లో ఎలక్ట్రోలక్స్ సంస్థ దాన్ని చేజిక్కించుకుని మార్కెట్‌లోకి తెచ్చింది. మూసి ఉన్న ఉక్కు గొట్టాల్లో అమ్మోనియా, నీరు, హైడ్రోజన్ ఉంటాయి. మంట వేడికి బాయిలర్ అనే భాగంలోని నీటిలోంచి అమ్మోనియా ఆవిరై పైకి వెళ్తుంది, వెనకాల లోహపు రెక్కల దగ్గర వేడిని వదిలి ద్రవంగా మారుతుంది, ఫ్రిజ్ లోపలి గొట్టంలో హైడ్రోజన్‌తో కలిసినప్పుడు మళ్లీ ఆవిరవుతూ పాల గిన్నెలోని వేడిని లాక్కుంటుంది, చివరకు వెనక కింది భాగంలోని చుట్టల్లో నీటిలో కరిగి మరోసారి వేడిని వదులుతుంది. ఇందులో మోటారు లేదు, పంపు లేదు. ద్రవం తన బరువుతో తాను కిందికి జారడమే దీని నడక.

ఈ నడకకు మూల్యం ఎక్కువే. రోజుకు 400 గ్రాముల గ్యాస్ మండితే సుమారు 5 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి పుడుతుంది. సగటున చూస్తే 210 వాట్లకు పైగా అన్నమాట. దానికి ప్రతిగా ఫ్రిజ్ లోపలి నుంచి బయటకు తోడే వేడి అందులో నాలుగో వంతో ఐదో వంతో, అంటే 50 వాట్ల చుట్టుపక్కల ఉంటుంది. మంట వేడిలో పొగగొట్టం గుండా పోయేది పోగా మిగిలినదీ, లోపలి నుంచి తోడిన వేడీ కలిసి ఫ్రిజ్ వెనకే పోగవుతాయి. ఆ ఇరుకు గూట్లోంచి రెండు వందల వాట్లకు పైబడిన వేడి పగలూ రాత్రీ బయటకు పోతూ ఉండాలి. అది పోకపోతే అమ్మోనియా ద్రవంగా మారదు, అప్పుడు మంట ఎంత పెంచినా గ్యాస్ ఖర్చవడమే తప్ప చల్లదనం రాదు.

ఏదీ మార్చకముందు కొలవండి

కూరగాయల వ్యాపారులు వాడే వేలాడదీసే డిజిటల్ త్రాసు ఒకటి, థర్మామీటర్లు రెండు కొనుక్కోండి. ఒక థర్మామీటరును మధ్య అరలో నీళ్ల గ్లాసులో ఉంచండి. గాలిలో ఉంచితే తలుపు తీసిన ప్రతిసారీ అంకె గెంతుతుంది, నీటిలో ఉంచితే ఆహారం నిజంగా ఎంత చల్లగా ఉందో తెలుస్తుంది. రెండోదాన్ని ఫ్రిజ్ వెనక పై జాలీ దగ్గర వేలాడదీయండి. ఉదయం గ్యాస్ కట్టేసి, బండను విప్పి తూచి, మళ్లీ అమర్చి, సరిగ్గా 24 గంటల తరువాత మరోసారి తూచండి. ఆ రోజు వంట పొయ్యిని అదే బండ మీద వెలిగించకూడదు.

80 నుంచి 150 లీటర్ల ఫ్రిజ్‌లకు తయారీదారులు 25 డిగ్రీల వాతావరణంలో కొలిచి చెప్పే వాడకం రోజుకు సుమారు 300 నుంచి 400 గ్రాములు. మన ఎండల్లో అంతకంటే ఎక్కువ కావడం సహజం. అసలు చూడవలసిన లెక్క వేరే ఉంది: చీటీ మీద గంటకు గరిష్ఠంగా ఎన్ని గ్రాములు మండుతుందో రాసి ఉంటుంది, దాన్ని 24తో హెచ్చవేయండి. మీ కొలత ఆ అంకెకు దగ్గరగా వస్తే బర్నర్‌కు రోజంతా విరామమే దొరకడం లేదని అర్థం. ఆపైన నీళ్ల గ్లాసు 8 డిగ్రీల కిందికి దిగకపోతే లోపం ఫ్రిజ్ వెనకో, తలుపులోనో, నేల మట్టంలోనో ఉంటుంది.

అదే చీటీ మీద వాతావరణ తరగతి కూడా చూడండి. ఎస్‌ఎన్, ఎన్ తరగతుల ఫ్రిజ్‌లు 32 డిగ్రీల వరకు, ఎస్‌టి 38 వరకు, టి తరగతివి 43 డిగ్రీల వరకు పనిచేసేలా తయారవుతాయి. చలి దేశాల కోసం చేసిన ఎన్ తరగతి ఫ్రిజ్‌ను మే నెలలో బొబ్బిలి ఎండలో నిలబెడితే అది మొదటి రోజు నుంచే తన హద్దు దాటి పనిచేస్తుంటుంది. కొత్తగా కొనేవారు లీటర్ల కంటే ముందు ఈ అక్షరాన్ని అడగాలి.

మట్టం సరిచూడండి

ద్రవం తన బరువుతో జారాల్సిన యంత్రం కాబట్టి బండి వాలితే లోపలి ప్రవాహం ఆగుతుంది. పాత నమూనాలకు పక్కల వైపు 3 డిగ్రీలు, ముందు వెనకలకు 6 డిగ్రీల వరకు వాలు ఫర్వాలేదని చెబుతారు. అయినా రెండు వైపులా 3 డిగ్రీల లోపే ఉంచడం మేలు. తాపీ మేస్త్రి వాడే రసమట్టాన్ని బండి నేల మీద కాకుండా ఫ్రీజర్ అర మీద పెట్టి చూడండి, ఎందుకంటే బండి నేలకూ ఫ్రిజ్‌కూ మధ్య అమరికలో తేడా ఉండవచ్చు. పల్లంలో ఉన్న చక్రాల కింద చెక్క దిమ్మలు వేసి ఎత్తు సరిచేసి, హ్యాండ్ బ్రేక్ బిగించాకే గ్యాస్ వెలిగించండి.

ఇసుక నేలలో ఇంకో జాగ్రత్త అవసరం. బారువ తీరంలోనో, చింతపల్లి తీరంలోనో సాయంత్రం సరిగ్గా ఉన్న మట్టం తెల్లారేసరికి ఒక చక్రం ఇసుకలో దిగి మారిపోవచ్చు. దిమ్మ కింద వెడల్పాటి పలక వేస్తే బరువు పరుచుకుని దిగదు. వాలులో గంటల తరబడి మంట వెలిగితే బాయిలర్‌లోకి ద్రవం తిరిగిరాక అది అతిగా వేడెక్కుతుంది. తుప్పు పట్టకుండా కలిపిన సోడియం క్రోమేట్ గడ్డకట్టి సన్నని గొట్టాన్ని మూసేస్తుంది. ఇది బాగుచేయలేని నష్టం. నడుస్తున్న బండిలో ఈ ప్రమాదం తక్కువ, ఎందుకంటే కుదుపులకు ద్రవం అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది.

వెనక గాలి దారిని సరిచేయండి

అన్ని పనుల్లో ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే, మనవాళ్లు అందరికంటే తక్కువ పట్టించుకునేదీ ఇదే. ఇక్కడి గ్యారేజీల్లో టెంపో ట్రావెలర్‌ను క్యాంపర్‌గా మార్చేటప్పుడు ఫ్రిజ్‌ను వంటింటి అలమరలా మూడు వైపులా మూసేసి, పక్కన ఒకే ఒక్క జాలీ పెట్టి వదిలేయడం తరచూ కనిపిస్తుంది. వేడిగాలి పైకి పోవాలంటే కింది నుంచి చల్లగాలి రావాలి. ఒకే జాలీతో ఆ ప్రవాహం పుట్టదు.

బయటి గోడకు కింద ఒకటి, పైన ఒకటి రెండు జాలీలు ఉండాలి. కింది జాలీ బర్నర్ మట్టానికి దగ్గరగా, పైది వెనక రెక్కల కంటే పైన ఉండాలి. వీలైతే పై దారిని గోడకు కాకుండా కప్పుకే పెట్టడం మరీ మంచిది. ఫ్రిజ్ వెనక రెక్కలకూ బయటి గోడకూ మధ్య ఖాళీ అంగుళానికి మించకూడదు. ఖాళీ ఎక్కువైతే మంచిదే కదా అనిపిస్తుంది గానీ, పైకి వెళ్లే గాలి తేలికైన దారి వెతుక్కుని రెక్కలను తాకకుండా గోడ వెంబడే జారిపోతుంది. మీ బండిలో నాలుగు అంగుళాల ఖాళీ ఉంటే, పలుచని అల్యూమినియం రేకును గోడ వైపు బిగించి దాన్ని ఒక అంగుళానికి కుదించండి. పై జాలీ దగ్గర అదే రేకును వంచి, గాలిని జాలీ వైపు తిప్పండి. లేకపోతే వేడిగాలి ఫ్రిజ్ నెత్తిన చేరి అక్కడే ఉడుకుతుంటుంది. ఫ్రిజ్ పక్కలకూ పైకీ అలమరతో ఉన్న సందులను మాత్రం థర్మోకోల్ వంటి వేడి చొరని పదార్థంతో నింపాలి. పొగగొట్టానికి దగ్గరగా దాన్ని పెట్టకూడదు, అక్కడ మండని గాజు ఊలు మాత్రమే వాడాలి.

ఇంత చేసినా ఎండాకాలంలో సహజ ప్రవాహం చాలదు. కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లను రెండింటిని పై రెక్కల కింద, గాలిని పైకి తోసేలా బిగించండి. ఒక్కోటి సుమారు 0.2 ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి రెండూ కలిసి 12 గంటలు తిరిగినా బ్యాటరీలో 5 ఆంపియర్-గంటలే ఖర్చవుతాయి. వాటికి వేడిని బట్టి పనిచేసే స్విచ్ కలిపితే రాత్రి చల్లబడగానే అవే ఆగిపోతాయి. బర్నర్ దగ్గర మాత్రం ఫ్యాన్ పెట్టకూడదు, మంట వణికి ఆరిపోతుంది. ఉప్పుగాలికి మామూలు ఫ్యాన్ల బేరింగులు త్వరగా పట్టేస్తాయి కనుక, నీరు, దుమ్ము చొరని రకం కొనడం మంచిది. రేకు, ఫ్యాన్లు అమర్చాక పై జాలీ దగ్గరి థర్మామీటరును మళ్లీ చూడండి. అంకె తగ్గితే వేడి ఫ్రిజ్ వెనక నిలవ ఉండకుండా బయటకు పోతున్నట్టే.

వెనక గూడుకూ మనుషులుండే గదికీ మధ్య ఎక్కడా సందు ఉండకూడదు. ఫ్రిజ్ చట్రం చుట్టూ పూర్తిగా మూసివేయాలి. పొగ లోపలికి రాకుండా చూసుకోవడం పొదుపుకు సంబంధించిన విషయం కాదు, ప్రాణానికి సంబంధించినది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు కాబట్టి దానికి వేరే అలారం తప్పనిసరి. గ్యాస్ అలారంను నేలకు దగ్గరగా బిగించాలి, ఎందుకంటే లీకైన ఎల్‌పీజీ గాలికంటే బరువైనది కనుక నేల మీదే పరుచుకుంటుంది.

బండిని ఎటు తిప్పి నిలపాలి

పుస్తకాల్లో ఫ్రిజ్ ఉన్న గోడను ఉత్తరానికి తిప్పమని రాస్తారు. ఐరోపాకు అది ఏడాది పొడవునా సరిపోతుంది. శ్రీకాకుళం దాదాపు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే నడిమి నుంచి జూలై చివరి వరకు మధ్యాహ్నం సూర్యుడు మనకు నడినెత్తి మీద గానీ, కొంచెం ఉత్తరంగా గానీ ఉంటాడు. ఆ రోజుల్లో మధ్యాహ్నపు ఎండంతా కప్పు మీదే పడుతుంది, గోడలను కాల్చేది ఉదయం తూర్పు ఎండ, సాయంత్రం పడమటి ఎండ. బండి లోపల అప్పటికే వేడెక్కి ఉంటుంది కాబట్టి వీటిలో సాయంత్రపు ఎండే ఫ్రిజ్‌ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. అందుచేత ఎండాకాలంలో ఫ్రిజ్ గోడ పడమటి వైపు ఉండకుండా చూడండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు సూర్యుడు దక్షిణంగా వాలి ఉంటాడు, అప్పుడు ఉత్తరం వైపు తిప్పమన్న మాట మనకూ వర్తిస్తుంది.

మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది, సముద్రం ఆగ్నేయాన ఉంటుంది. మధ్యాహ్నం తిరిగాక వచ్చే సముద్రపు గాలి నేరుగా కింది జాలీలోకి కొడితే మంట ఆరిపోవచ్చు, మంట నిలిచినా ఉప్పు తేమ బర్నర్ మీద చేరుతుంది. గాలి బండి ముందు నుంచి వెనక్కు జారేలా, ఫ్రిజ్ గోడ దానికి సమాంతరంగా ఉండేలా నిలపడం మంచిది. ఉద్దానం వైపు కొబ్బరి, జీడి తోటల నీడ దొరికితే ఇంకేమి కావాలి. అయితే కొబ్బరిచెట్టు కింద నిలిపేటప్పుడు కాయల సంగతి కూడా తల ఎత్తి చూసుకోవాలి. నీడ దొరకని చోట కప్పు మీద అడుగు ఎత్తున తెల్ల టార్పాలిన్ కట్టండి. జాలీలను మాత్రం గుడ్డతో కప్పకండి. వాన పడుతోందని జాలీని మూసి, ఫ్రిజ్ చెడిపోయిందనుకునేవారు కొందరు ఉంటారు.

ఎత్తు గురించి మన దగ్గర పెద్దగా ఆలోచించనక్కరలేదు. అరకు లోయ సుమారు 900 మీటర్ల ఎత్తే కనుక మంట మీద చెప్పుకోదగ్గ ప్రభావం ఉండదు.

తేమను బయటే ఉంచండి

పొడి ప్రాంతాలవారు రాసిన సలహాల్లో ఈ విషయం కనిపించదు, మనకు మాత్రం ఇదే ముఖ్యం. 34 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం వంద లీటర్ల ఫ్రిజ్ తలుపు తీస్తే లోపలి చల్లగాలి కిందికి జారిపోయి, బయటి గాలి ఆ చోటు నింపుతుంది. ఆ గాలిని 4 డిగ్రీలకు చల్లబరచడానికి సుమారు మూడున్నర కిలోజౌళ్ల వేడిని తోడాలి. ఆ గాలిలోని సుమారు రెండు గ్రాముల నీటి ఆవిరిని నీరుగా మార్చడానికి మరో ఐదు కిలోజౌళ్లు కావాలి. అంటే గాలికంటే గాలిలోని తేమే ఫ్రిజ్‌కు ఎక్కువ బరువు. 50 వాట్ల చల్లదనమిచ్చే యంత్రానికి ఒక్కసారి తలుపు తీయడం దాదాపు మూడు నిమిషాల పని పెడుతుంది. పిల్లలు నీళ్ల కోసం రోజుకు ఇరవైసార్లు తీస్తే ఒక గంట పని దానికే పోతుంది.

అందువల్ల తాగే నీటిని ఫ్రిజ్‌లో పెట్టకపోవడం మంచి అలవాటు. ప్రయాణంలో మట్టి కూజా తేవడం కష్టమైతే ఒక చిన్న ఐస్ పెట్టెను నీటికీ మజ్జిగకూ కేటాయించండి. ఫ్రిజ్‌ను వంటకు మాత్రమే, రోజుకు నాలుగైదుసార్లు తెరిచేలా సర్దుకోండి. ఉదయం కావలసినవన్నీ ముందు అరలో, ఒక్కసారిగా చేతికి వచ్చేలా ఉంచితే తలుపు పట్టుకుని వెతుక్కోవడం ఉండదు. అన్నం, పులుసు వంటివి పూర్తిగా చల్లారాక మూతపెట్టి ఉంచాలి. మూతలేని గిన్నెల్లోని తడి కూడా ఆవిరై ఫ్రిజ్ లోపలి చల్లటి రెక్కల మీద మంచుగా పేరుకుంటుంది.

లోపలి రెక్కల మీద మంచు 3 మిల్లీమీటర్లు దాటితే అది దుప్పటిలా చల్లదనాన్ని అడ్డుకుంటుంది. శ్రావణ, భాద్రపద మాసాల్లో వారానికి ఒకసారి ఫ్రిజ్ కట్టేసి మంచు కరిగించవలసి రావచ్చు. కత్తితో, స్క్రూడ్రైవరుతో గీకకూడదు. వేడినీళ్ల గిన్నె లోపల పెట్టి తలుపు మూస్తే అరగంటలో వదులుతుంది. కరిగిన నీరు బయటకు పోయే గొట్టం చివర తెరిచి ఉంటే బయటి తేమగాలి అదే దారిన లోపలికి వస్తుంది, కాబట్టి దాని చివరను నీరు నిలిచేలా ఒక వంపు తిప్పాలి.

తలుపు రబ్బరును పది రూపాయల నోటుతో పరీక్షించవచ్చు. నోటును తలుపు అంచులో పెట్టి మూసి లాగండి. కాస్త బిగువుగా రావాలి. అలా నాలుగు వైపులా, ముఖ్యంగా కీళ్ల వైపు కింది మూలలో చూడండి. నోటు జారిపోయే చోట రబ్బరును వేడినీటి గుడ్డతో తుడిచి కాసేపు మెత్తబరిస్తే చాలావరకు సర్దుకుంటుంది. చిరిగినచోట మాత్రం కొత్తది వేయించాలి.

సర్దడం, ముందుగా చల్లబరచడం

శోషణ ఫ్రిజ్ చల్లదనాన్ని నిలబెట్టడంలో మంచిది, కొత్తగా చల్లబరచడంలో నెమ్మది. 34 డిగ్రీల నీటిని రెండు లీటర్లు 6 డిగ్రీలకు తేవడానికి సుమారు 234 కిలోజౌళ్లు తోడాలి. వేరే పనేదీ లేకుండా 50 వాట్లంతా దానికే పెట్టినా గంటా పావు పైన పడుతుంది. కనుక బయలుదేరే ముందురోజు సాయంత్రమే ఫ్రిజ్‌ను ఇంటి కరెంటుకు తగిలించి రాత్రంతా నడపండి. ఇంటి ఫ్రిజ్‌లో చల్లబడిన వస్తువులనే అందులోకి మార్చండి. మూడింట రెండు వంతులు నింపి, వస్తువుల మధ్య గాలి తిరిగేలా ఉంచండి. అరను మూసేలా పెద్ద పళ్లెం పరచకూడదు.

భావనపాడులోనో, కళింగపట్నంలోనో కొన్న తాజా చేపలను ఈ ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టిద్దామనుకోవడం వృథా ప్రయాస. కిలో చేపను గడ్డకట్టించడానికి దాదాపు 400 కిలోజౌళ్లు తోడాలి. చిన్న ఫ్రీజర్ అర ఆ పని చేసేసరికి చేప పాడవడం మొదలవుతుంది, పక్కనున్న వస్తువులు కూడా వేడెక్కుతాయి. చేపలవారి దగ్గరే ఐస్ కొని థర్మోకోల్ పెట్టెలో చేపను ఐస్‌తో పొరలు పొరలుగా సర్దడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి, ఇప్పటికీ అదే ఉత్తమం. ఇన్సులిన్ తీసుకువెళ్లేవారు దాన్ని లోపలి రెక్కలకు ఆనించకూడదు, అక్కడ గడ్డకట్టే ప్రమాదం ఉంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండే చోటును థర్మామీటరుతో ముందే గుర్తించి పెట్టుకోవాలి.

ఎప్పుడు గ్యాస్, ఎప్పుడు కరెంటు, ఎప్పుడు బ్యాటరీ

బండి నడుస్తున్నప్పుడు గ్యాస్ మంట వెలిగి ఉండకూడదు. పెట్రోలు బంకులోకి వెళ్లేముందైతే తప్పనిసరిగా ఆరి ఉండాలి. జాతీయ రహదారి 16 మీద రెండు మూడు గంటల ప్రయాణానికి 12 వోల్టుల దారి ఉంది గానీ అది 10 నుంచి 14 ఆంపియర్లు లాగుతుంది. ఇంజిన్ ఆపాక మరచిపోతే వంద ఆంపియర్-గంటల లెడ్ బ్యాటరీ నాలుగైదు గంటల్లో సగానికి దిగుతుంది. ఇంజిన్ ఆగితే దానంతట అదే తెగిపోయే రిలే పెట్టించండి. తీగలు సన్నగా ఉంటే ఫ్రిజ్ దగ్గరికి 11 వోల్టులే చేరవచ్చు. అప్పుడు హీటరు వేడి 16 శాతం తగ్గుతుంది, ఎందుకంటే హీటరు శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది.

చిన్న ప్రయాణాలకు ఇంకా చౌకైన మార్గం ఉంది. ఇంటి ఫ్రీజర్‌లో గడ్డకట్టిన రెండు అర లీటరు సీసాలను బయలుదేరేముందు ఫ్రిజ్ పై అరలో పెట్టి, మొత్తం ఆపేయండి. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్లు తీసుకుంటుంది. తలుపు తెరవకపోతే మూడు గంటల్లో గోడల గుండా లోపలికి వచ్చే వేడి ఇంచుమించు అంతే. పార్వతీపురం వైపు ఘాట్ దారిలో ఇంజిన్ మీద ఆ భారమూ పడదు.

గ్రామాల్లో ఎవరి ఇంటి నుంచైనా కరెంటు తీసుకున్నప్పుడు వోల్టేజీ చూసుకోండి. 230కి బదులు 200 వోల్టులు వస్తే హీటరు వేడి దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది; సాయంత్రం మోటార్లన్నీ ఆడే వేళ కరెంటు మీద కంటే గ్యాస్ మీద నడపడమే మేలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస పరిసరాల్లో తీరం దాటినప్పటిలా కరెంటు రోజుల తరబడి లేని పరిస్థితి వస్తే, ఈ ఫ్రిజ్ అసలు విలువ తెలుస్తుంది.

బండ, ఒత్తిడి, మంట రంగు

14.2 కిలోల ఇంటి బండను ఇంటి వంటకు తప్ప వేరే పనికి వాడకూడదని 2000 నాటి ఎల్‌పీజీ సరఫరా ఉత్తర్వు చెబుతోంది. క్యాంపర్‌కు 5 కిలోల చిన్న బండ సరైనది. రోజుకు 400 గ్రాముల లెక్కన ఒక బండ పన్నెండు రోజులు వస్తుంది. బండ నిలువుగానే ఉండాలి, గది నుంచి వేరుచేసి, అడుగున గాలి పోయే రంధ్రాలున్న గూట్లో బిగించాలి. ఐఎస్‌ఐ గుర్తున్న గొట్టాన్ని అయిదేళ్లకొకసారి మార్చాలి. బండి రూపం మార్చినప్పుడు ఆర్‌సీలో నమోదు చేయించుకోవడం 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం అవసరం.

మన రెగ్యులేటర్లు 30 మిల్లీబార్ల ఒత్తిడినిస్తాయి, ఐరోపా ఫ్రిజ్‌లు చాలావరకు దానికే తయారవుతాయి. అమెరికా ఫ్రిజ్‌లు సుమారు 27 మిల్లీబార్ల దగ్గర స్వచ్ఛమైన ప్రొపేన్‌కు సరిచేసినవి. మన బండలో ప్రొపేన్‌తో పాటు బ్యూటేన్ కూడా ఉంటుంది. అదే జెట్ (గ్యాస్ బర్నర్‌లోకి వచ్చే సన్నని రంధ్రం) గుండా ఆ మిశ్రమం పదో వంతుకు పైగా ఎక్కువ వేడినిస్తుంది, గాలి చాలక మంట పసుపెక్కి మసి పడుతుంది. మసి పొగగొట్టంలో పేరుకుంటే వేడి బాయిలర్‌కు అందదు, గ్యాస్ ఖర్చు తడిసి మోపెడవుతుంది. రాత్రిపూట కింది జాలీ తీసి మంటను చూడండి. నీలంగా, నిశ్చలంగా, బుసకొట్టకుండా ఉండాలి. పసుపు కొనలు కనిపిస్తే ముందు శుభ్రం చేయండి. అప్పటికీ పోకపోతే ఒత్తిడి కొలిపించి, ఆ నమూనాకు తగిన జెట్ వేయించండి.

ఏడాదికొకసారి శుభ్రత

తీరంలో తిరిగే బండికి ఏడాదికి రెండుసార్లు చేయడం మంచిది. గ్యాస్ కట్టి, అంతా చల్లారాక, బర్నర్ మీద తడిగుడ్డ కప్పి, పొగగొట్టం పైమూత తీసి లోపల వేలాడే మెలిరేకును (మెలితిప్పిన రేకును) బయటకు లాగండి. పొగగొట్టానికి సరిపోయే కుంచెతో పైనుంచి కిందికి తోమితే మసి, తుప్పు గుడ్డ మీద రాలుతాయి. మెలిరేకును తిరిగి పెట్టేటప్పుడు మునుపటి ఎత్తులోనే వేలాడేలా చూడాలి. అది కొంచెం పైకో కిందికో జరిగినా బాయిలర్‌కు అందే వేడి తగ్గుతుంది.

జెట్‌ను విప్పి స్పిరిట్‌లో నానబెట్టి, ఆరబెట్టి, మెల్లగా ఊదండి. పిన్నుతోనో, తీగతోనో పొడిస్తే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది: రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా గ్యాస్ వాడకం పెరిగి, మంట ఇక ఎన్నటికీ సరిగా రాదు. బర్నర్ గొట్టంలో సాలీళ్లు గూళ్లు కడతాయి, కందిరీగలు మట్టి పెడతాయి. నెల రోజులు నిలిపిన బండిలో ఫ్రిజ్ వెలగకపోతే మొదట చూడవలసింది అక్కడే. జాలీలకు సన్నని ఉక్కు వల బిగించవచ్చు గానీ దోమతెర అంత సన్ననిది వద్దు, గాలి ఆడదు. అంతా బిగించాక ప్రతి అతుకు మీదా సబ్బునీళ్లు రాసి, బుడగలు రావని తేల్చుకున్నాకే వెలిగించండి.

ఎప్పుడు వదిలేయాలి

వెనక గొట్టాల మీద పసుపు పొడి కనిపించినా, అమ్మోనియా ఘాటు ముక్కుకు తగిలినా గొట్టం చిల్లుపడిందని అర్థం. వెంటనే ఆపి, తలుపులన్నీ తెరవండి. ఏసీ మెకానిక్ గ్యాస్ నింపితే బాగవుతుందనే మాట నమ్మవద్దు. ఇందులో అమ్మోనియా, హైడ్రోజన్ అధిక ఒత్తిడిలో కర్మాగారంలోనే నింపి వెల్డింగ్‌తో మూసినవి. శీతల యూనిట్ మొత్తం మార్చాలి, దాని ఖరీదు చాలాసార్లు కొత్త ఫ్రిజ్‌కు దగ్గరగా వస్తుంది.

ఆ దశకు వచ్చినవారు 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ సంగతి కూడా ఆలోచించాలి. అదే పరిమాణంలో అది రోజుకు అర యూనిట్ నుంచి ముప్పావు యూనిట్ వరకు కరెంటు తీసుకుంటుంది, ఎండ బాగా ఉన్న రోజున 200 వాట్ల సౌర ఫలకం దానికి సరిపోతుంది, వాలు గురించి గ్యాస్ ఫ్రిజ్ అంతటి పట్టింపు దానికి లేదు. వారాంతాల్లో ఎండలో తిరిగి వచ్చేవారికి నేను దాన్నే సూచిస్తాను. వర్షాకాలంలో మబ్బు పట్టిన రోజుల్లో తాటిపూడి జలాశయం పక్కనో, మద్దువలస దగ్గరో వారం పదిరోజులు కదలకుండా ఉండేవారికి, రాత్రి కంప్రెసర్ చప్పుడు కూడా వద్దనుకునేవారికి గ్యాస్ ఫ్రిజ్ ఇప్పటికీ మేలే. అలాంటివారు టి తరగతిదే ఎంచుకుని, వెనక రేకు, ఫ్యాన్లు మొదటి రోజే బిగించి, రెండు 5 కిలోల బండలు ఉంచుకోవాలి.